క్యాబినెట్ తాళంచెవి

ఆఫీసు సర్వర్లకు తెరిచి ఉండే ర్యాకులు సరిపోతాయా, తలుపులున్న క్యాబినెట్లు కావాలా అని మేనేజరు అడిగాడు. పద్నాలుగేళ్లుగా ఆ సర్వర్ల గదిని కంటికి రెప్పలా కాచుకుంటున్న టెక్నీషియన్ తడుముకోలేదు.

"ర్యాకులు చవక సార్, గాలి కూడా బాగా ఆడుతుంది. కానీ బయటివాళ్లు చెయ్యి పెడతారు. మొన్న ఏసీ బాగుచేసేవాళ్లు వైరు ఊడబీకితే పూటంతా పని ఆగింది. తాళం ఉండాల్సిందే."

"మీరెలా అంటే అలాగే," అన్నాడు మేనేజరు.

టెక్నీషియన్ మూడు రోజులు ఒంటిచేత్తో క్యాబినెట్లు బిగించాడు. ఏ వైరు ఎక్కడికి పోతుందో కొత్తవాడికైనా ఇట్టే తెలిసేలా, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి అంటించాడు. ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కడుందో మాత్రం అతనికి ఇప్పటికీ తెలియదు.

నాలుగో రోజు తలుపులకు తాళాలు వేసి, అన్నిటికీ పనిచేసే రెండు తాళంచెవులూ మేనేజరు బల్లమీద పెట్టాడు.

"ఒకటి నా దగ్గర ఉంచుకుంటాను సార్."

మేనేజరు రెండింటినీ సొరుగులో వేసుకున్నాడు.

"కుదరదండీ. మీరు కాంట్రాక్టు మనిషి కదా. బయటివాళ్ల చెయ్యి పడకూడదని మీరేగా అన్నారు."

సొరుగు మూశాడు.

"చీటీలు మాత్రం భలే రాశారు. రేపట్నుంచి మనవాళ్లే చూసుకుంటారు."