రాగాలమ్మ

కాలు కాస్త లేచిందో లేదో, రాగాలమ్మ అందుకుంది.

“అమ్మో, నా వల్ల కాదు తల్లీ!”

ఫిజియో అమ్మాయి లెక్కపెట్టడం ఆపేసింది. మోకాళ్లు మొరాయించిన పెద్దవాళ్లందరూ వరుసగా కుర్చీల్లో కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని, కాళ్లు ఎత్తి దించే హాలది. అందరికీ ఒకటే బరువు. ఒక్కరు అమ్మో అన్నా ఆ పూటకి బరువు పెంచడమంటూ ఉండదు.

డ్రిల్లు మాస్టారికి ఒళ్లు మండింది. మోకాలి ఆపరేషనయ్యాక కర్ర పారేసి మళ్లీ స్కూలు గ్రౌండులో తిరగాలని ఆయన ఆరాటం. ఈ మహాతల్లి అడ్డుపుల్ల వేస్తోందని ఉక్రోషం. ఆమెకు రాగాలమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

కుర్రతనంలో కాలు నొప్పెడితే గ్రౌండు చుట్టూ ఇంకో రెండు రౌండ్లు కొట్టేవాడు. నొప్పి పత్తా లేకుండా పోయేది. పిల్లలకూ అదే నూరిపోశాడు. ఇప్పుడు ఒళ్లు ఆ మాట వినడం లేదు. కదిపే కొద్దీ నొప్పి తగ్గకపోగా పైపైకి ఎక్కుతోంది. ఆ సంగతి పళ్ల బిగువున దాచుకున్నాడు. నలుగురిలో నొప్పి అనడం ఆయనకు నామోషీ.

చివరికి పెద్ద డాక్టరు దగ్గరకెళ్లి, ఆవిడ ఒక్కత్తి వల్ల అందరం వెనకబడుతున్నామని ఫిర్యాదు చేశాడు. మిగతావాళ్లూ తలలూపారు. ఆమెను ఇక రావద్దన్నారు.

ఆమె వెళ్తూ వెళ్తూ మాస్టారి కుర్చీ దగ్గర ఆగింది.

“ఇకమీదట మీరైనా అరవండి మాస్టారూ.”

ఎగతాళి అనుకుని ఆయన మొహం తిప్పుకున్నాడు.

హాలు ప్రశాంతంగా మారింది. సంచుల్లో ఇసుక పెరిగింది. నొప్పిగా ఉందా అని ఫిజియో అమ్మాయి అడుగుతూనే ఉంది, లేదని ఆయన అంటూనే ఉన్నాడు. కదిలితే నొప్పి కరిగిపోయే వయసు ఆ పిల్లది. నమ్మేసింది.

ఒకరోజు మోకాలి చిప్ప దగ్గర ఏదో పుటుక్కుమంది. అప్పుడూ ఆయన అరవలేదు. కళ్లు తిరిగి పడిపోయాడు.

మళ్లీ కోశారు, కుట్టారు. కర్ర లేకుండా నడవడం ఇక కల్ల అని డాక్టరు తేల్చేశాడు. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని మాస్టారు వెక్కివెక్కి ఏడ్చాడు.

హాల్లో తన పక్క కుర్చీలో కూర్చునే ఆయనకూ మోకాలు వాచిపోయిందని తెలిశాక మాత్రం ఉండబట్టలేదు. ఆటో మాట్లాడుకుని రాగాలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. క్షమించమనాలి, హాలుకు తిరిగి రమ్మనాలి.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆమె ఆయన్ని చూసి కిందికి వచ్చింది. గోడ పట్టుకోలేదు. రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగింది. మాస్టారు ఆ కాళ్లకేసి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

ఆమె మొహం చిన్నబోయింది. తలుపు తీసింది. లోపల మంచం మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక కాలు పుల్లలా సన్నబడి ఉంది.

“మా ఆయనండీ. ఆ హాల్లోనే, ఆ ఇసుక సంచులే ఎత్తారు,” అంది. “నా మోకాళ్లకేం లేదు మాస్టారూ. ఈయన అరవలేదని, నేనొచ్చి అరిచేదాన్ని.”