ఫ్రేమ్‌లోకి రావద్దు

తారాబాయి కొడవలి పట్టుకుని పరుగెత్తింది. గుట్ట కింద ఎవడో మీసాలవాడు ఒక పిల్లను జుట్టు పట్టి ఈడుస్తున్నాడు.

"ఇడువుర ఆ పిల్లను" అంటూ వాడి మీదికి పోయింది.

"కట్" అని అరిచాడు డైరెక్టర్.

హిమాయత్ సాగర్ దాపున సినిమా షూటింగ్ జరుగుతోందని ఆమెకు తెలియదు. చూడటానికొచ్చిన ఊరంతా పడీ పడీ నవ్వింది.

అసిస్టెంట్ డైరెక్టర్ ఫణి మాత్రం నవ్వలేదు. పక్కకు పిలిచి చెప్పాడు.

"చూడమ్మా, కెమెరాకు కనిపించేదంతా ఫ్రేమ్. అందులోకి నువ్వొస్తే షాట్ పాడైపోతుంది. 'కట్' చెప్పేదాకా కదలకూడదు."

"కెమెరా కానరాకుంటే నాకెట్ల తెలుస్తది సారూ?"

"లాంగ్ షాట్‌లో కనిపించదు. దూరంగా గుట్ట మీద పెడతాం. అప్పుడు హీరోయిన్ కూడా ఉండదు, బదులుగా డూప్ ఉంటుంది."

ఇంటికెళ్తే భర్త కుర్మయ్య మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఊర్ల ఇజ్జత్ పోయింది. ఇగ ఆ షూటింగ్ జోలికి పోకు."

మర్నాడు కోడలికి నొప్పులొచ్చాయి. రోజంతా శంషాబాద్ దవాఖానలోనే గడిచిపోయింది.

ఆ తర్వాతి రోజు పొద్దున ఒంటరిగా జొన్న కోస్తుంటే కేక వినిపించింది. గుట్ట కింద తెల్ల అంబాసిడర్. ఇద్దరు మగవాళ్లు ఒక పిల్లను అందులోకి తోస్తున్నారు. హీరోయిన్ కాదు. కెమెరా ఎక్కడా లేదు.

తారాబాయి కాళ్లు ముందుకు లాగాయి. బలవంతాన ఆగింది.

ఆ పిల్ల విదిలించుకుని చేను వైపు పరుగెత్తుకొచ్చింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"అక్కా, జర కాపాడక్కా."

తారాబాయికి ఊరి నవ్వులు చెవుల్లో మోగాయి. కొడవలి కింద పెట్టి, వంగి, జొన్నల చాటుకు తప్పుకుంది. ఆ పిల్ల ఆమె కళ్లలోకే చూస్తోంది. వెనక నుంచి వచ్చిన చెయ్యి ఆ పిల్ల నోరు మూసేసింది.

అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ బెంగుళూరు రోడ్డు వైపు వెళ్లిపోయింది.

'కట్' వినపడలేదు. తారాబాయి కాళ్లు తిమ్మిరెక్కినా అలాగే కూర్చుంది.

చాలాసేపటికి ఒక జీపు వచ్చి ఆగింది. ఫణి దిగాడు. ఆమె చేలోంచి లేవకుండానే అడిగింది.

"గీసారి ఫ్రేమ్‌లకు రాలే సారూ. ఇగ లేవొచ్చునా?"

ఫణి వింతగా చూశాడు.

"గొడుగు మర్చిపోతే తీసుకెళ్దామని నేనొక్కణ్ణే వచ్చానమ్మా, షూటింగ్‌కి నిన్ననే ప్యాకప్ చెప్పేశాం."