ఎండ వద్దు

సోమ్లీ మోసం చేసింది. మోపులో పైన మంచి ఆకు పెట్టి, కింద గడ్డి పెట్టింది. అందుకే మొగిలయ్య భార్య గట్టమ్మ చివరి రోజుల్లో కంటినిండా నిద్ర లేకుండా పోయింది.

పెద్దవంగరలో ఈ మాట మొగిలయ్య చెప్పని మనిషి లేడు. పరామర్శకు వచ్చినవాళ్లు నోరు తెరవకముందే ఇదే చెప్పాడు.

సోమ్లీ ఆ ఊరికి వచ్చింది సకల జనుల సమ్మె రోజుల్లో. బస్సులు లేవు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తండా నుంచి మరిపెడ సంతకు బయలుదేరిన ఆ లంబాడి మనిషి, నెత్తిమీద కర్పూర తులసి మోపుతో సమ్మె టెంటు దగ్గర ఆగిపోయింది.

టెంటులో ఒకాయన మైకు పట్టుకున్నాడు.

"మన మాటను ఎక్కిరిచ్చిండ్రు. సినిమాలల్ల జోకర్లకు వెట్టిండ్రు మన మాటను."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మొగిలయ్యే.

అప్పుడే మోపు వాసన అతని ముక్కుకు తగిలింది. ఇంట్లో గట్టమ్మకు ఏళ్లుగా ఆయాసం.

"గిది దమ్ముకు పన్జేస్తదా?"

సోమ్లీ గుండె మీద చెయ్యి పెట్టుకుని, నిండుగా గాలి పీల్చి చూపించింది.

"మరిపెడ దాంక ఏడ నడుస్తవ్ గని, మా ఇంటికి రా."

మోపు మొత్తం దింపించుకున్నాడు. ఆ సాయంత్రం పచ్చి ఆకు మరిగించి ఆవిరి పట్టించాడు. ఎన్నాళ్లకో గట్టమ్మ గోడకు ఆనుకోకుండా వెల్లకిలా పడుకుంది.

"పొద్దెక్కింది గదా, లేపలేవేందయ్యా?" అంది మర్నాడు.

"ఎట్ల లేపాలె? బర్రె లెక్క గుర్రు వెడ్తివి."

గట్టమ్మ నవ్వింది. నవ్వినా దగ్గు రాలేదు.

మిగిలిన ఆకు చలికాలానికి దాచుకోవాలి. ఎట్లా దాచాలో సోమ్లీ వెళ్లేటప్పుడే చెప్పింది. ఆమెకు వచ్చిన తెలుగు కొంచెమే.

"ఎండబెట్టు. కొత్త కుండ. గుడ్డ కట్టు."

మొగిలయ్య ఆకునంతా ఇంటి రేకుల మీద పల్చగా పరిచాడు. కుమ్మరి దగ్గర కొత్త కుండ తెచ్చాడు.

ఆ మధ్యాహ్నమే సోమ్లీ మళ్లీ వచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది. చేతిలో మోపు లేదు.

"ఎండ వద్దు" అంది.

"ఏంది?"

"ఎండ వద్దు. నీడ. నీడ."

చెయ్యి పైకెత్తి చూపించింది. పైన సూర్యుడు మండిపోతున్నాడు.

"ఎండ నీ ఒక్కదానికే కొడ్తున్నదా? నీడ గావాల్నంటే టెంటు కాడికి పో. మస్తు నీడ."

సోమ్లీ తల అడ్డంగా ఊపింది. మళ్లీ పైకి చూపించింది. అరుగు ఎక్కబోయింది.

మొగిలయ్య అడ్డం నిలబడ్డాడు.

"లొల్లి జెయ్యకు. లోపట మనిషి పండుకున్నది. ముందుగాల తెలుగు నేర్సుకో, ఎనుక మాట్లాడుదువు."

సోమ్లీ మాట కోసం వెతుక్కుంది. దొరకలేదు. అతను తలుపు వేసుకున్నాడు.

చలి ముదిరింది. గట్టమ్మకు దమ్ము ఎక్కువైంది.

మొగిలయ్య కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పి, గుప్పెడు ఆకు మరుగుతున్న నీళ్లలో వేశాడు. వాసన లేదు. ఇంకో గుప్పెడు వేశాడు. చివరికి కుండంతా కుమ్మరించాడు. వచ్చింది ఉడికిన గడ్డి వాసన.

"పోనియ్యయ్యా" అంది గట్టమ్మ, మాటకు మాటకు మధ్య ఆగుతూ. "గా ఒక్కనాడన్న మంచిగ పండుకున్న గద."

ఆ చలి ఆమె దాటలేదు.

మళ్లీ వానలు పడ్డాక మరిపెడ సంతలో సోమ్లీ కనిపించింది. ముందు పచ్చి ఆకు మోపు, పక్కన కూతురు చంద్రి. మొగిలయ్యను చూడగానే సోమ్లీ నవ్వుతూ లేచి నిలబడింది. సిగ్గు లేని మనిషి అనుకున్నాడు.

"ఈమె కాడ ఎవ్వలు కొనకుండ్రి" అన్నాడు సంతంతా వినేట్టు. "పైన ఆకు, కింద గడ్డి. గిదీ ఈమె యాపారం."

చంద్రి మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు.

"ఆకును ఏడ వెట్టినవ్ బాపు?"

"రేకుల మీద. మీ అవ్వ చెప్పినట్టే ఎండవెట్టిన."

"ఎండల పెడ్తె వాసనంత ఎండే గుంజుకుంటది. ఇంక గడ్డే మిగుల్తది. నీడకు ఆరవెట్టాలె."

"మరి ఎండబెట్టు అని ఎందుకు చెప్పింది?"

"మా యాడికి, గదే మా అవ్వకు, 'ఆరబెట్టు' అనే మాట రాదు. మిర్చి కల్లంల కూలికి పోయి 'ఎండబెట్టు' ఒక్కటే నేర్సుకున్నది. ఇంటికొచ్చి గదే చెప్తె, తప్పు చెప్పినవే యాడీ అన్న. బువ్వ గూడ తినకుండ, గంత ఎండల మల్ల మీ ఊరికి నడిచింది. ఎండ వద్దు అని నీకు చెప్పలేదా?"

మొగిలయ్య మోపు వైపు చూశాడు.

సోమ్లీ అతని మొహంలోకే చూస్తోంది. కూతురి చెయ్యి పట్టుకుని తమ భాషలో ఏదో అంది.

"ఏమంటున్నది?"

"మీ ఇంటామె మంచిగ పండుకుంటున్నదా అని అడుగుతున్నది."

సంత జనం అటూ ఇటూ నడుస్తున్నారు. ఆకు వాసన ఘాటుగా వస్తోంది.

"పండుకున్నది" అన్నాడు మొగిలయ్య.

ఆకు మాట గానీ, సోమ్లీ మాట గానీ ఆ తర్వాత అతని నోట ఎవరూ వినలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.