మగపురుగు మీసాలు

"సార్, ఈ గోడ మీదున్నది ఆడపురుగండీ."

డెసిబెల్ సారు తలెత్తి చూశాడు.

గుమ్మంలో ఓ బక్కపలచని పెద్దమనిషి. మోచేతుల దగ్గర అరిగిన చొక్కా. చంకలో బూట్ల అట్టపెట్టె.

డెసిబెల్ సారుకి అసలు పేరొకటి ఉంది గానీ ఆ ల్యాబులో ఎవరూ వాడరు. పక్కవాడితో మాట్లాడినా వీధి చివరి దాకా వినిపించాల్సిందే. గొంతు తగ్గిస్తే హోదా తగ్గుతుందని ఆయన భయం.

ఆయన రేడియో యాంటెనాల విభాగానికి హెడ్డు. కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నవాళ్ల ఫోన్ల నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ని పట్టే యాంటెనా తయారు చేస్తున్నాడు. పట్టుగూడు చీల్చుకుని వచ్చే రెక్కల పురుగుకి తల మీద దువ్వెనల్లాంటి మీసాలుంటాయి. గాలిలో రవ్వంత వాసన ఉన్నా వాటితో పసిగడుతుంది. ఆ మీసాల కొలతలు తీసి, రాగితీగతో అదే ఆకారం కట్టించాడు. పురుగు ఫోటో నిలువెత్తున వేయించి గోడకి తగిలించాడు. ఇంత పనికి రెండేళ్లు పట్టింది.

మర్నాడు పదింటికి కమిటీ పరీక్ష. నెగ్గితే సరే, లేకపోతే విభాగానికి తాళం, పదకొండు మందీ ఇంటికి.

"ఆడదైతే ఏంటి, మగదైతే ఏంటి? పెళ్లిసంబంధం చూస్తున్నామా?"

"వాసన పట్టేది మగది సార్. ఆడది వాసన వదులుతుందంతే. తన వాసన తనకే తెలీదు. దాని మీసాలు చిన్నవి. మీరు వాటి కొలతలు తీసినట్టున్నారు."

డెసిబెల్ సారుకి చీమ కుట్టినట్టయినా లేదు.

పురుగులు తెప్పించిన రోజున లావుగా, నిండుగా ఉన్నదాన్ని ఏరింది ఆయనే. "ఈ రోగిష్టివాటిని పారేయండి" అని బక్కవాటిని బయటికి విసిరించిందీ ఆయనే. నిండుగా కనిపించినదానికి దండం పెట్టడం, బక్కదాన్ని విదిలించడం ఆయనకి పురుగులతో మొదలైన అలవాటు కాదు.

"నువ్వేం చేస్తుంటావు?"

"పురుగుల్ని పెంచుతుంటానండీ."

"అయితే పెంచుకో. యాంటెనాల సంగతి నేను చూసుకుంటా."

"పది నిమిషాలు చాలు సార్."

పెద్దమనిషి అట్టపెట్టెను బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల రెండు అరలు. ఒకదాంట్లో లావుపాటి పురుగు, రెండోదాంట్లో బక్కది. మధ్యలో ఉన్న అట్టముక్క పైకి లాగాడు.

బక్కది వెడల్పాటి మీసాలు విప్పింది. రెక్కలు టపటపలాడించుకుంటూ తిన్నగా లావుదాని వైపు నడిచింది. లావుది ఉలకలేదు, పలకలేదు.

అవతలి బల్ల దగ్గర జూనియర్ ఇంజినీరు లేచి నిలబడింది. "సార్, మన యాంటెనా కూడా మూడు వారాలుగా ఆ లావుదానిలాగే ఉంటోంది కదా. ఒకసారి ఆయన చెప్పేది వింటే పోయేదేముంది?"

"నువ్వు కూర్చోమ్మా. దారినపోయే ప్రతివాడూ నాకు చెప్పొచ్చేవాడే."

"కమిటీని ఒక్క నెల గడువు అడగండి సార్, ఇస్తారు," అన్నాడు పెద్దమనిషి. " మగదాని కొలతలు నా దగ్గరున్నాయి. మీతో కూర్చుని నేనే..."

"గడువా? నేను అడగాలా? ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. పురుగులవాడి దగ్గర పాఠం చెప్పించుకునే ఖర్మ పట్టలేదు. ఆ పెట్టె తియ్యి నా బల్ల మీంచి."

పెద్దమనిషికి కోపం రాలేదు. పురుగుల రెక్కలు నలగకుండా మూత పెట్టాడు. "వస్తానండీ. వస్తానమ్మా" అని ఇద్దరికీ చెప్పి వెళ్లిపోయాడు.

డెసిబెల్ సారు బల్లని రెండుసార్లు తుడిపించాడు.

మర్నాడు కమిటీకి ఆరు కుర్చీలు వేయించారు. ఐదుగురే వచ్చారు.

ఇటుకల గుట్ట కింద చిన్న ట్రాన్స్‌మిటర్ దాచి పరీక్ష మొదలుపెట్టారు. బజార్లో దొరికే మామూలు యాంటెనా దాని సిగ్నల్ని పట్టేసింది. డెసిబెల్ సారు యాంటెనా నుంచి గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

గాలిలో తేమ ఎక్కువగా ఉందన్నాడు. ఇటుకలు మంచివి కావన్నాడు. తీగ అతికినవాణ్ణి నానా మాటలూ అన్నాడు. ఇంకా తిట్టడానికి ఎవరూ మిగలకపోయేసరికి జూనియర్ ఇంజినీరు వైపు చూశాడు. ఆ అమ్మాయి తల తిప్పుకుంది.

"ఒక్క నెల గడువిస్తే..." అన్నాడు. ఆ గొంతు అంత సన్నగా పలకడం ల్యాబులో అంతకుముందు ఎవరూ వినలేదు.

కమిటీ అధ్యక్షురాలు ఫైలు మూసింది.

"పరీక్ష మొదలుకాకముందు అడిగితే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు రూలు ఒప్పుకోదు. నలుగురి ముందు మీ పరువు పోకూడదని, విడిగా చెబుతానని మా ఆరో సభ్యుడు నిన్న మీ దగ్గరికే బయల్దేరారు. రాలేదా?"

డెసిబెల్ సారు ఖాళీగా ఉన్న ఆరో కుర్చీ వైపు చూశాడు.

"అట్టపెట్టె పట్టుకుని... ఆయనా?"

"ఆయనే."

"కమిటీ మనిషినని చెప్పలేదు మేడమ్."

"మీరు అడిగారా?"

ఆవిడ ఫైలు మళ్లీ తెరిచి ఒక కాగితం బయటికి తీసింది.

"నిన్న సాయంత్రమే కమిటీ నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం పంపారు. అందరం ఒప్పుకుంటే గానీ ఏ విభాగాన్నీ మూయడానికి వీల్లేదు. ఇవాళ ఉన్న ఐదుగురమూ ఒప్పుకున్నాం."

ఆవిడ మూసివేత కాగితం మీద సంతకం పెడుతూ, "పోయినేడు కూడా మీ కాగితాలు చూసి మేం ఐదుగురం మూసేయమనే రాశాం, ఆలోచన మంచిది, ఒక్క ఏడాది ఆగండని అడ్డుపడి మీ పదకొండు మందినీ నిలబెట్టింది ఆయనొక్కరే" అంది.