గీత దగ్గర మోగే మిషను

"హద్దు గీత దగ్గరికెల్తే ఇది మోగుతాదా బావూ?" అని అడిగింది రోజా.

కాశీబుగ్గలోని ఆ షాపులో టీవీలు, టార్చిలైట్ల మధ్య రెండే జీపీఎస్‌లున్నాయి. రెండూ చేతిలో పట్టేవే. షాపు యజమాని మణికంఠ రెండింటినీ తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు.

రోజా భర్త సోములు చిన్నదాన్ని అందుకున్నాడు. తెల్లగా, నున్నగా మెరుస్తోంది.

"ఇదిచ్చీ. సూడ్డానికి బాగుంది. జేబులో కూడా పడతాది."

"అది గోల్ఫ్ ఆడేవాళ్లది," అన్నాడు మణికంఠ. "జీడిపప్పు ఎగుమతి చేసే ఒకాయన విశాఖపట్నంలో ఆడతారు. ఆయనే తెప్పించమన్నారు, తీరా తెప్పించాక తీసుకోలేదు. నిలబడ్డ చోటి నుంచి బంతి పడాల్సిన గుంట ఎంత దూరమో చెబుతుంది."

"గుంటెంత దూరమో సెప్పిందానికి గీతెంత దూరమో సెప్పడం కట్టమేటి?" సోములు నవ్వాడు.

రోజా నవ్వలేదు. "దీన్లో గుర్తులు మనం ఎట్టుకోవచ్చా?"

"లేదమ్మా. మైదానాల గుర్తులు కంపెనీ పెట్టినవే ఉంటాయి. మనం మార్చలేం."

"అయితే ఒద్దు."

సోములు చెయ్యెత్తాడు. రోజా పక్కకు జరిగింది. అతను తల గోక్కుని చెయ్యి దించాడు.

"నీ ఇట్టం. సదూకున్నదానివి."

సోములుకు చదువు రాదు. వజ్రపుకొత్తూరు దగ్గర అతనికో బోటుంది. రెండేళ్ల కిందట చేపల వెంట ఉత్తరానికి పోయి ఒడిశా నీళ్లలో దొరికిపోయాడు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో అక్కడ వేట నిషేధం. ఏడాది జైల్లో ఉండి వచ్చాడు. రెండోసారి దొరికితే ఏళ్ల తరబడి బయటికి రాడని వకీలు గట్టిగా చెప్పాడు.

ఆ ఏడాది రోజా పలాస వెళ్లి జీడిపప్పు ఒలిచింది. కూతురు సుస్మితను బళ్లో వేసింది. ఆ ఏడాదిని తను బతికున్నన్నాళ్లూ మరిచిపోలేనని పక్కింటి బొడ్డమ్మతో అంటుండేది. ఎలా గడిపిందో పాపం, అని బొడ్డమ్మ కళ్లొత్తుకునేది.

సోములు తిరిగొచ్చాక కూడా రోజాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. మళ్లీ ఎక్కడ దొరికిపోతాడోనని బెంగ పెట్టుకుందన్నారు ఊళ్లో. జీపీఎస్ కొందామని పట్టుబట్టింది కూడా ఆమే.

మణికంఠ రెండోది చేతికిచ్చాడు. బూడిద రంగు, మందపాటి రబ్బరు మీటలు. బోట్లవాళ్ల కోసమే చేసింది. నిషేధం ఉన్న నీళ్లకు హద్దుగా అందులో నాలుగు గుర్తులు పెట్టాడు. నాలుగింటినీ కలుపుతూ తెర మీద ఓ గీత వచ్చింది.

"బోటు దీని దగ్గరికి రాగానే మోగుతుంది. ఇంజన్ చప్పుడులో కూడా వినిపిస్తుంది."

"ఉప్పునీళ్లు పడితే పాడైపోద్దా?"

"పాడవదు. తుడుచుకుంటే చాలు."

"ఏ మీటో నొక్కేసి గుర్తు సెడిపోతే? మళ్లీ దిద్దుకోడం ఎలాగ?"

మణికంఠ చూపించాడు. రోజా ఎడం చేత్తో మీటలు నొక్కుతూ నేర్చుకుంది. ఆమె కుడి మణికట్టుకు పసుపు గుడ్డ కట్టి ఉంది.

"చేతికేమైందమ్మా?"

"మెట్టు మీద జారిపడిపోనాను."

ఇంకోసారి మొదటి నుంచీ చేయించుకుని చూసింది. గీత సరిగ్గా పడిందో లేదో తన వేలితో తెర మీద తడిమింది. మణికంఠకు ముచ్చటేసింది.

"అదృష్టవంతుడివయ్యా," అన్నాడు సోములుతో. "మొగుడి కోసం ఇంత జాగ్రత్త పడే మనిషిని నేను చూడలేదు."

సోములు మీసం దువ్వుకున్నాడు.

వేటకు బయలుదేరే రోజు ఒడ్డున జనం పోగయ్యారు. రోజా మిషనుకు బొట్టు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి సోములు చేతికిచ్చింది. బోటులో మరో నలుగురు ఎక్కారు. చివరగా బొడ్డమ్మ కొడుకు లోకనాథ్ వచ్చాడు. కొత్తగా పెళ్లయినవాడు.

రోజా ముఖం పాలిపోయింది. "ఈడెందుకత్తా? ఇంకో యాటకి ఎల్తాడులే. ఇంటికాడ ఉండమను."

"భయమెందుకే అమ్మీ?" బొడ్డమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "ఇన్నాళ్లూ నానే ఎల్లనివ్వలేదు. ఇప్పుడు నీ మిషనుందిగదా, దాన్ని నమ్ముకునే పంపుతన్నాను."

రోజా నోరు తెరిచింది. లోకనాథ్ బోటులోంచి చెయ్యూపుతున్నాడు. అతని పక్కన సోములు నిలబడి, "ఎంతసేపూ ఏటా మాటలు!" అని కేకేశాడు.

బోటు కదిలింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. నిషేధం ఉన్న నీళ్లలో, హద్దుకు చాలా లోపల, వలలు వేసి ఉండగా పట్టుకున్నారట. బోటు స్వాధీనం చేసుకున్నారు. అందరినీ జైల్లో పెట్టారు. మిషను ఒక్కసారైనా మోగలేదని సోములు మొత్తుకున్నా ఎవరూ వినలేదట.

బొడ్డమ్మ ఇసకలో కూలబడింది. కోడలు ఏడవడానికి కూడా ఓపిక లేక గుంజకు ఆనుకుంది. రోజా ఇద్దరికీ నీళ్లు తాగించింది.

విషయం తెలిసి మణికంఠ పరుగున వచ్చాడు.

"గుర్తులు నేనే పెట్టానమ్మా. ఒకటికి రెండుసార్లు సరిచూశాను. ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు అంతుపట్టడం లేదు. ఇందరి ఉసురు పోసుకున్నాను."

"నీ తప్పేటీ నేదు బావూ," అంది రోజా నెమ్మదిగా. "నువ్వు సరిగ్గానే ఎట్టినావు."

మిషనుకు బొట్టు పెట్టే ముందే ఆ నాలుగు గుర్తులనూ ఉత్తరానికి జరిపింది రోజాయే.