ఐదో కారణం

పన్నెండు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా ఓ పెద్దావిడ రిజిస్ట్రార్ ఆఫీసులోకి వచ్చింది.

"తలుపు మీద అంటించిన ఆ పెళ్ళికి నాకు అభ్యంతరం ఉంది. రాసుకోండి," అంది.

రిజిస్ట్రార్ ఆదెమార్ తలెత్తి చూశాడు.

నెలిదా, జులేమాల పేర్లు తలుపెక్కి ఎనిమిది రోజులైంది. అభ్యంతరాలుంటే ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పాలి. చెబితే కాగితం జడ్జి దగ్గరికి పోతుంది, పెళ్ళి ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఎవరూ వచ్చి కాదన్న పాపాన పోలేదు.

పైగా ఇది అలాంటిలాంటి పెళ్ళి కాదు. చట్టం వచ్చి ఇన్నేళ్ళైనా పుయెర్తో అమారోలో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళికి రావడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ అలాంటి జంట కోసం ఆదెమార్ కాచుకుని కూర్చున్నాడు. ఎవరూ రాకపోయేసరికి అతనికి ఊరి మీదే కోపం వచ్చేసింది. రేపటి పెళ్ళి కోసం నీలం టై కొన్నాడు. అద్దం ముందు ఉపన్యాసం నాలుగుసార్లు చదువుకుంటే, పెళ్ళి నీదా వాళ్ళదా అని భార్య అడిగింది.

ఆవిడను ఎగాదిగా చూశాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న నల్లగౌను. వెండి శిలువ. ఇంకేం కావాలి, అనుకున్నాడు. చేతిలోని మాతే టీ గిన్నె పక్కన పెట్టాడు. ఆవిడకు మాత్రం పోసివ్వలేదు. ఉరుగ్వేలో అది తిట్టినదానితో సమానం.

"చర్చి నుంచి వచ్చారామ్మా?"

"బస్సు నుంచి వచ్చాను. పేపర్లో చూసి రాజధాని మోంతెవిదెయో నుంచి వస్తున్నా."

"అయితే మీకు తెలియాలే. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారాన్ని కూడా టూరిజం వారమని క్యాలెండర్లో వేసుకున్న దేశం మనది. దేవుడి పేరు చెప్పి ఇక్కడ పెళ్ళి ఆపలేరు."

"ఆయన్నెందుకు లాగడం? ఇందులో ఆయన చేసిందేం లేదు. నేను చట్టం మాట చెబుతున్నా."

చట్టం అనగానే ఆదెమార్‌కు ప్రాణం లేచొచ్చింది. అది తన ఇలాకా. పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడా మగా చేసుకుంటే ఏ రూలో, ఇద్దరు ఆడవాళ్ళు చేసుకున్నా అదే రూలమ్మా. పొల్లు తేడా లేదు."

"పొల్లు కూడా లేదా?"

"లేదు."

"మంచిది. అలాగే ఉండాలి," అందావిడ.

వెటకారమనుకున్నాడు ఆదెమార్. ఒళ్ళు మండింది. "ఇంతకీ మీరు వాళ్ళకేమవుతారు?"

"మీ ఫారంలో ఆ గడి చివర్లో వస్తుంది కదా నాయనా. వరసలో కానీయ్."

నాకే ఆఫీసు నేర్పుతోంది అని పళ్ళు నూరుకుని పుస్తకం తెరిచాడు. "పెళ్ళి ఆపడానికి కారణాలు ఐదే ఐదు. మీకు నచ్చకపోవడం అందులో లేదు. ఒకటి, మైనర్లు కావడం."

"నెలిదాకు యాభై ఏడు."

"రెండు, రక్తసంబంధం."

"లేదు."

"మూడు, మతి స్థిమితం లేకపోవడం."

"నెలిదా గురించి అది చెప్పాలంటే సాయంత్రమవుతుంది. వదిలేయ్."

"నాలుగు, పెళ్ళి కోసం ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ళ మొగుణ్ణో పెళ్ళాన్నో చంపి ఉండడం."

"ఇంకా చంపలేదు."

"ఐదు, ఇదివరకే పెళ్ళయి, విడాకులు కాకపోవడం."

"అదే. అది రాసుకో."

ఆదెమార్‌కు నవ్వొచ్చింది. "ఎవరికి, జులేమాకా?"

"ఆ జుట్టు కత్తిరించే పిల్లెవరో నాకు తెలీదు. నెలిదాకు."

"నెలిదా ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది. మందుల షాపు పెట్టుకుని గుట్టుగా బతుకుతోంది. రికార్డు నేనే చూశాను, పెళ్ళి కాలేదు."

"మీ రికార్డులో ఉండదు. పన్నెండేళ్ళ కిందట లాంచీ ఎక్కి నది దాటింది. అర్జెంటీనాలో చేసుకుంది. అక్కడ కట్టుకుంటే ఇక్కడ చెల్లదని దాని ధీమా."

"ఎక్కడ చేసుకున్నా పెళ్ళి పెళ్ళే," అనేసి నాలిక్కరుచుకున్నాడు ఆదెమార్.

అప్పుడు వెలిగింది. అత్తగారన్నమాట. కొడుకును వదిలేసిపోయిన కోడలి మీద కసి తీర్చుకోవడానికి బస్సెక్కి మరీ వచ్చింది. ఇలాంటి మనుషుల కోసం ఉపన్యాసంలో అతను ఓ పేరా ప్రత్యేకంగా రాసుకున్నాడు. అది ఇప్పుడే వదిలాడు.

"చూడండమ్మా. కొందరికి తమ మనసేమిటో ఆలస్యంగా తెలుస్తుంది. మగాడితో కాపురంలో ఊపిరాడక వచ్చేసిందేమో. పెద్దవాళ్ళు, మీరే అర్థం చేసుకోవాలి."

"అర్థం చేసుకోవడానికే రెండేళ్ళు పట్టింది." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అడిగితే విడాకులు దొరికేవి. అడగలేదు. రొట్టె తెస్తానని పోయింది. ఆ రోజంతా గ్యాసు మీద కాఫీ మరుగుతూనే ఉంది."

ఆవిడ సంచిలోంచి పెళ్ళి పత్రం తీసి, మడత విప్పకుండానే బల్ల మీద పెట్టింది. గోడ గడియారంలో ఇంకా మూడు నిమిషాలుంది. చట్టం చట్టమే. రేపటి టై, మేయరు, స్థానిక రేడియోవాళ్ళు అన్నీ కళ్ళముందు తిరుగుతుండగా కలం తీశాడు.

"సరే, రాస్తున్నా. ఆ భర్త పేరు, వయసు, చిరునామా చెప్పండి."

"భర్త అన్న మాట కొట్టేసి భార్య అని రాయి నాయనా, పేరు ఓఫెలియా బెర్రుత్తి, వయసు అరవై నాలుగు, చిరునామాదేముంది, ప్రస్తుతానికి నీ ఎదురుగానే కూర్చున్నా."