మీసాల దగ్గర జీడిపప్పు

గిజిగాళ్ళు కొత్త గూళ్ళు కట్టుకుని గృహప్రవేశం చేసుకుంటే, సింగారి అనే ఉడుత మూడు రాత్రులు కన్ను మూయకుండా గంతులేసింది. నాలుగోనాడు తెల్లారేసరికి దానికి పాడు ఆకలి పట్టుకుంది. జామపండు తింది, చాల్లేదు. రేగుపళ్ళు తింది, చాల్లేదు. వానాకాలానికని మట్టిలో దాచుకున్న వేరుశనక్కాయలన్నీ తవ్వుకు తినేసింది. అప్పుడు కనబడింది, పెరట్లో పడుకున్న పిల్లి మీసాల దగ్గర ఒక జీడిపప్పు!

సింగారి కంటికి పిల్లి ఆనలేదు, జీడిపప్పే ఆనింది. చకచకా బయల్దేరింది.

దారిలో గంపలో గుడ్లు పొదుగుతున్న కోడిపెట్ట, దాని తోక ముక్కున కరుచుకుని లాగింది. "ఎక్కడికే చావడానికి? ఏం కావాలే నీకు?"

"ఏదైనా సరే పిన్నీ! తీపి, పులుపు, కారం, అన్నీ కావాలి!"

పెట్టకి నవ్వాగలేదు. "ఆకలైతే తింటే తీరుతుందే పిచ్చిదానా. నీది తిన్నకొద్దీ పెరుగుతోంది. అది ఆకలి కాదు, నిద్ర. రా, నా రెక్క కింద దూరు."

"ఆ జీడిపప్పు తినేసి..." అంటూనే సింగారి గుడ్ల మధ్య గుర్రు పెట్టింది.

మర్నాడు పొద్దెక్కి లేచేసరికి, గుడ్లు పిల్లలై దాని వీపుమీద ఆడుకుంటున్నాయి. పెట్ట ఒక్క వేరుశనక్కాయ ఇచ్చింది. అందులో ఒక గింజకే సింగారికి కడుపు నిండింది. హాయిగా ఒళ్ళు విరుచుకుని పెరట్లోకి చూసి, గభాలున పెట్ట రెక్క కింద దూరింది.

"పిన్నీ, నిన్న ఆ పిల్లి ఇంత పెద్దగా లేదే!"